క్రూయిజ్‌కి తీసుకెళ్లడానికి చిన్న కంప్యూటర్ ఎంచుకోవడం ఎలా?

ల్యాప్‌టాప్ కొనాలనుకోగానే అందరి కళ్లూ ప్రాసెసర్ మీదకీ ర్యామ్ మీదకీ పోతాయి. క్రూయిజ్ కోసమైతే వాటిని చివర్లో చూసుకోవచ్చు, ఎందుకంటే ఓడలో కంప్యూటర్‌తో వచ్చే ఇబ్బందులు వేరే రకం. నెట్ ఉన్నట్టే ఉండి పోతుంది, క్యాబిన్‌లో ప్లగ్ పాయింట్లు ఒకటో రెండో ఉంటే వాటికోసం ఇద్దరి ఫోన్లూ కెమెరా ఛార్జరూ అప్పటికే పోటీ పడుతుంటాయి, బల్ల మీద జానెడు చోటు, డెక్ మీదికి తీసుకెళ్తే ఎండకి స్క్రీన్‌లో మీ మొహమే కనిపిస్తుంది. అందుకని బరువెంత అన్న ప్రశ్న పక్కనే ఇంకోటి పెట్టుకోండి: నెట్ లేకుండా, ఛార్జింగ్ లేకుండా ఒక పూటంతా ఇది నా పని చేసిపెడుతుందా? దీనికి అవునని చెప్పలేని కంప్యూటర్ ఎంత తేలికైనా మోసుకెళ్లడం దండగ.

1. అక్కడ ఏం చేస్తారో ముందు తేల్చుకోండి

ఊరికే మనసులో అనుకోవద్దు, కాగితం మీద రాయండి. మెయిల్ చూడటం, సినిమాలు, ఫోటోలు దింపుకోవడం, కాస్త రాసుకోవడం, ఇలా నాలుగు ముక్కలు చాలు. రాసిన ప్రతి పని పక్కనా "ఇది ఫోన్‌లో అవ్వదా?" అని అడగండి. పెద్ద క్రూయిజ్ కంపెనీలకి సొంత యాప్‌లున్నాయి, ఆ రోజు ఓడలో ఏమేం జరుగుతున్నాయో చూడటం, డిన్నర్ టైమ్ బుక్ చేసుకోవడం, పోర్టులో దిగి చూసే టూర్లు ఎంచుకోవడం అన్నీ ఫోన్‌లోనే అయిపోతాయి, ఇంటర్నెట్ ప్యాకేజీ కొనకపోయినా ఓడ వైఫైకి కనెక్ట్ అయితే ఆ యాప్ సాధారణంగా పనిచేస్తుంది. కాబట్టి మీ లిస్టులో మెయిలూ మెసేజ్‌లూ మాత్రమే ఉంటే కంప్యూటర్‌ని ఇంట్లోనే వదిలేసి హాయిగా వెళ్లిరండి.

అలా కాకుండా రోజూ వందల ఫోటోలు తీసే అలవాటుందా, ప్రయాణం గురించి రాసుకుంటారా, ఓ గంటైనా ఆఫీసు పని తప్పదా, అప్పుడు చదవండి ముందుకి.

2. ట్యాబా, ల్యాప్‌టాపా?

చూడటం, చదవడం ఎక్కువైతే ట్యాబ్. టైప్ చేయడం, ఫైళ్లు సర్దడం ఎక్కువైతే ల్యాప్‌టాప్. సూత్రం ఇంతే. అయితే చాలామందికి తట్టని సంగతులు రెండున్నాయి.

ఒకటి, సినిమాల డౌన్‌లోడ్. సముద్రం మీద స్ట్రీమింగ్‌ని నమ్ముకోకూడదు కాబట్టి ముందే డౌన్‌లోడ్ చేసుకుంటాం కదా, నెట్‌ఫ్లిక్స్‌లో అది ఫోన్‌కీ ట్యాబ్‌కీ కుదురుతుంది గానీ ల్యాప్‌టాప్‌లో కుదరదు. మ్యాక్‌కి ఆ సౌకర్యం మొదటినుంచీ లేదు, విండోస్ యాప్‌లో ఉన్నదాన్ని 2024లో తీసేశారు. మిగతా యాప్‌ల సంగతి దేనికది విడిగా చూసుకోవాలి. అంటే మీ లిస్టులో సినిమాలే పైన ఉంటే ల్యాప్‌టాప్ తేలికైనా, ఖరీదైనదైనా, ఉత్త చేతులతో వెళ్లినట్టే.

రెండోది, ట్యాబ్‌కి కీబోర్డు తగిలిస్తే ఏమవుతుందన్నది. 11 అంగుళాల ఐప్యాడ్ ఎయిర్ 460 గ్రాముల చిల్లర ఉంటుంది, చేతిలోకి తీసుకుంటే ముచ్చటేస్తుంది. దానికి ట్రాక్‌ప్యాడ్ ఉన్న గట్టి కీబోర్డు కేసు తగిలించండి, మొత్తం కిలోకి అటూ ఇటూ తేలుతుంది. 13 అంగుళాల మ్యాక్‌బుక్ ఎయిర్ బరువు 1.24 కిలోలు. తేడా ఓ చిన్న వాటర్ బాటిల్ అంత కూడా లేదు, పైగా ల్యాప్‌టాప్ ఒళ్లో పెట్టుకున్నా కదలకుండా నిలబడుతుంది, వెనక కాలు చాపుకుని నిలబడే ట్యాబ్‌లు బల్ల ఉంటేగానీ నిలబడవు. మైక్రోసాఫ్ట్ వాళ్ల సర్ఫేస్ ప్రో ట్యాబ్ లాంటివాటికీ ఇదే లెక్క, పెట్టె మీద రాసే బరువులో కీబోర్డు కలిసి ఉండదు. కాబట్టి రోజూ రెండు పేజీలకి మించి టైప్ చేసేవాళ్లు "ట్యాబే తేలిక" అన్న మాటని ఇంకోసారి తూచి చూసుకోవాలి.

క్రోమ్‌బుక్, అంటే గూగుల్ క్రోమ్ ఓఎస్‌తో నడిచే ల్యాప్‌టాప్, సంగతేంటి అంటారా. తేలిక, బ్యాటరీ బాగా వస్తుంది, పోయినా పెద్దగా గుండె గుభేల్మనదు. నెట్ లేనప్పుడు పనికిరాదన్న పేరు ఇప్పుడు పూర్తిగా నిజం కాదు, గూగుల్ డాక్స్‌లో ఆఫ్‌లైన్ ఆప్షన్ ఉంది. కానీ దాన్ని నెట్ ఉన్నప్పుడే, బయల్దేరకముందే ఆన్ చేయాలి, సముద్రం మధ్యలో గుర్తొస్తే చేసేదేం లేదు.

మరీ చిన్నవాటి జోలికి మాత్రం పోకండి. 2007లో ఆసుస్ కంపెనీ "ఈ పీసీ" (Eee PC) అన్న బుల్లి ల్యాప్‌టాప్ 7 అంగుళాల స్క్రీన్‌తో వచ్చినప్పుడు, ఇక ప్రయాణాలకి ఇలాంటి నెట్‌బుక్‌లే అనుకున్నారంతా. బరువు కిలో లోపే, నిజమే, కానీ ఆ కీబోర్డు మీద పెద్దవాళ్ల వేళ్లు పట్టేవి కావు. అదే చిక్కు ఇప్పటి 7, 8 అంగుళాల పాకెట్ కంప్యూటర్లకీ ఉంది. మామూలు కీబోర్డులో ఒక మీట మధ్య నుంచి పక్క మీట మధ్యకి దాదాపు 19 మిల్లీమీటర్లు ఉంటుంది. ఇది బాగా తగ్గిందంటే తప్పులు పెరుగుతాయి. నా మాట వింటే 11 నుంచి 13 అంగుళాల మధ్యలో ఆగండి.

3. బరువు తూచండి, చదవొద్దు

కంపెనీ చెప్పే బరువు ఒంటి మెషీన్‌ది. మీ భుజాన పడేది మెషీన్, ఛార్జర్, దాని వైరు, కేసు, అడాప్టర్, ఎస్‌డీ కార్డ్ రీడర్, అన్నీ కలిపి. ఇంట్లో ఉన్న ఛార్జర్‌ని ఓసారి వంటింటి తూకం మీద పెట్టి చూడండి, పాతకాలం ఇటుకలాంటి అడాప్టర్లు మందపాటి వైరుతో కలిపి అరకిలోకి దగ్గరగా వస్తాయి. ఒక కిలో ల్యాప్‌టాప్ అని మురిసిపోయి అరకిలో ఛార్జర్ మోస్తే ఏం లాభం?

అందుకే కొనే ముందు చూడాల్సిన మొదటి అంశం యూఎస్‌బీ-సీ ఛార్జింగ్ ఉందా లేదా అన్నది. ఉంటే 45 లేదా 65 వాట్ల చిన్న గాన్ (GaN, చిన్న సైజులోనే ఎక్కువ పవర్ ఇచ్చే రకం) ఛార్జర్ ఒక్కటి, రెండు మూడు పోర్టులు ఉన్నది, తీసుకుంటే ల్యాప్‌టాప్, ఫోన్, కెమెరా మూడిటికీ అదే సరిపోతుంది. గుండ్రటి పిన్నుతో సొంత ఛార్జర్ మాత్రమే ఒప్పుకునే ల్యాప్‌టాప్ మిగతా అన్నిట్లో బాగున్నా నేనైతే పక్కన పెట్టేస్తాను. ఆ ఛార్జర్ దారిలో పోయిందంటే ఓడలో ఎవరినీ అడిగి తెచ్చుకోలేరు, యూఎస్‌బీ-సీ అయితే పక్క క్యాబిన్‌లో వాళ్ల దగ్గరైనా ఉంటుంది.

మొత్తం సరంజామా కలిపి కిలోన్నర లోపు ఉంటే బాగున్నట్టు. రెండు కిలోలు దాటితే మళ్లీ మొదటి మెట్టుకి వెళ్లండి.

4. స్క్రీన్, ఫ్యాను, స్టోరేజ్

స్క్రీన్ వెలుగుని నిట్స్‌లో చెప్తారు. తక్కువ ధర ల్యాప్‌టాప్‌లు చాలావాటికి 250, 300 ఉంటాయి, గదిలోకి అది చాలు, డెక్ మీద నీడలో కూర్చున్నా చాలదు. 400 కనీసం అనుకోండి, 500 ఉంటే నయం. నేరుగా ఎండలో మాత్రం ఎంత ఉన్నా కష్టమే, పైగా నల్లటి మెషీన్ పెనంలా కాలుతుంది. ఎండలో చదవడమే మీ సరదా అయితే ఈ-ఇంక్ తెర ఉన్న కిండిల్ లాంటిది వేరే పెట్టుకోండి, దానికి ఎండే మేలు.

ఫ్యాను లేని మోడల్ దొరికితే ఎంచుకోండి. సముద్రపు గాలిలో ఉప్పు, తేమ రెండూ ఉంటాయి, ఫ్యాను ఆ గాలినే లోపలికి లాగుతుంది. వారం పది రోజులకే పాడైపోతుందని కాదు, కానీ బాల్కనీలో గంటలకొద్దీ పని చేద్దామనుకునేవాళ్లకి ఇది పట్టించుకోవాల్సిన విషయమే. పైగా చిన్న క్యాబిన్‌లో రాత్రి పక్కన మనిషి నిద్రపోతుంటే ఫ్యాను గోల కూడా ఎక్కువే.

స్టోరేజ్ 256 జీబీకి తగ్గొద్దు. 64 జీబీ ఈఎంఎంసీతో (చవక రకం స్టోరేజ్‌తో) వచ్చే చవక విండోస్ ల్యాప్‌టాప్‌లు తేలికగా, చూడ్డానికి ముద్దుగా ఉంటాయి, కానీ విండోస్‌కే సగం పోయి, ఒక అప్‌డేట్ రాగానే చోటు లేదని మొరాయిస్తాయి. మంచి కెమెరాలో ఒక్కో "రా" (RAW, కెమెరా దిద్దకుండా దాచే) ఫోటో 25 నుంచి 40 ఎంబీ ఉంటుంది. రోజుకి రెండొందలు తీస్తే ఎంతవుతుందో లెక్కేసుకోండి. ఇంట్లోలా క్లౌడ్‌లోకి ఎక్కించేద్దాంలే అనుకోవద్దు, ఓడ నెట్ మీద అది జరిగే పని కాదు. 60 గ్రాముల లోపు బరువుండే పోర్టబుల్ ఎస్ఎస్‌డీలు, అంటే బయట తగిలించుకునే చిన్న స్టోరేజ్ డ్రైవ్‌లు, ఉన్నాయి, ఒకటి పెట్టుకుని రోజూ రాత్రి రెండో కాపీ దానిలోకి తీసుకోండి, తీశాక దాన్ని ల్యాప్‌టాప్ ఉన్న బ్యాగులో కాకుండా వేరే చోట దాచండి. రెండూ ఒకే బ్యాగులో ఉంటే రెండో కాపీ ఉన్నట్టు కాదు.

ర్యామ్ 8 జీబీ చాలు, ఫోటోలు దిద్దేవాళ్లకి 16. ప్రాసెసర్ గురించి ఇంతకంటే ఆలోచించక్కర్లేదు.

5. ఓడలో కరెంటు

ఇక్కడ కాస్త ఆగి చదవండి, ఎందుకంటే సెక్యూరిటీ దగ్గర సామాను తీసేసుకునేది దీనివల్లే.

క్యాబిన్‌లో సాధారణంగా అమెరికా రకం 110 వోల్టుల సాకెట్లు, యూరప్ రకం 220 వోల్టుల సాకెట్లు రెండూ ఉంటాయి. కొత్త ఓడల్లో మంచం పక్కన యూఎస్‌బీ పోర్టులు కూడా పెడుతున్నారు, పాతవాటిలో బల్ల దగ్గర ఒకటో రెండో సాకెట్లు, అంతే. మీ ఛార్జర్ మీద సన్నటి అక్షరాల్లో "100-240" అని ఉందేమో చూసుకోండి, ఇప్పటి ల్యాప్‌టాప్ ఛార్జర్లు దాదాపు అన్నిటి మీదా ఉంటుంది. ఉంటే వోల్టేజీ మార్చే పరికరం అక్కర్లేదు, ప్లగ్గు ఆకారం మార్చే అడాప్టర్ ఒకటి చాలు.

సర్జ్ ప్రొటెక్టర్ (వోల్టేజీ ఒక్కసారిగా పెరిగితే పరికరాలని కాపాడేది) ఉన్న పవర్ స్ట్రిప్ మాత్రం తీసుకెళ్లొద్దు. ఇంట్లో మంచిదని కొనేదే ఓడలో ప్రమాదం. ఇళ్లలో వైరింగ్ న్యూట్రల్‌ని భూమికి కలిపి ఉంచుతారు, ఓడల్లో చాలావరకు అలా కలపరు. ఆ తేడా వల్ల, ఎక్కడైనా లోపం వచ్చినప్పుడు సర్జ్ ప్రొటెక్టర్‌లోని భాగాలు వేడెక్కి మంట అంటుకునే అవకాశం ఉంది. 2013లో అమెరికా కోస్ట్ గార్డ్ దీనిమీద ప్రత్యేకంగా ఒక భద్రతా హెచ్చరిక ఇచ్చింది. సర్జ్ లేని మామూలు ఎక్స్‌టెన్షన్లని కూడా కొన్ని కంపెనీలు ఒప్పుకోవు, మీరు ఎక్కబోయే ఓడ నిషేధాల జాబితా ఓసారి చదివి వెళ్లండి. నాలుగు పోర్టుల యూఎస్‌బీ ఛార్జర్ ఉంటే అసలు స్ట్రిప్ అవసరమే రాదు.

పవర్ బ్యాంక్ గురించి ఒక మాట. ఓడ ఎక్కే పోర్టు దాకా విమానంలో వెళ్తుంటే దాన్ని చేతి సామానులోనే పెట్టాలి, చెక్-ఇన్ లగేజీలో ఒప్పుకోరు. 100 వాట్ అవర్ల (బ్యాటరీ సామర్థ్యపు కొలత) వరకు సాధారణంగా ఇబ్బంది లేదు, అంటే సుమారు 27,000 ఎంఏహెచ్. 20,000 ఎంఏహెచ్‌ది 74 వాట్ అవర్లే, 13 అంగుళాల ల్యాప్‌టాప్‌ని నిండా ఓసారి ఛార్జ్ చేయడానికి దాదాపు సరిపోతుంది. యూఎస్‌బీ-సీలో 45 వాట్లయినా ఇవ్వగలిగేది కొనండి, ఫోన్ల కోసం చేసినవి ల్యాప్‌టాప్‌కి పెడితే నత్తనడకే.

6. నెట్ సంగతి, అంతకంటే ముఖ్యంగా ఓటీపీ సంగతి

కొన్నేళ్ల కిందటిదాకా ఓడల్లో ఇంటర్నెట్ అంటే నవ్వులాట. సిగ్నల్ భూమికి 35,786 కిలోమీటర్ల ఎత్తున ఉన్న ఉపగ్రహం దాకా వెళ్లి రావాలి, అందుకే ఏది నొక్కినా అరసెకను పైనే ఆలస్యం, వీడియో కాల్‌లో ఒకరి మాట మీద ఒకరు పడటం. స్టార్‌లింక్ అన్న ఉపగ్రహ ఇంటర్నెట్ సర్వీసు వచ్చింది, దాని ఉపగ్రహాలు 550 కిలోమీటర్ల దగ్గరలోనే తిరుగుతాయి. 2022 ఆగస్టులో రాయల్ కరీబియన్ గ్రూప్ తన ఓడలన్నిటికీ దాన్ని పెడుతున్నట్టు ప్రకటించింది, తర్వాత మిగతా పెద్ద కంపెనీలూ అదే దారి పట్టాయి. ఇప్పుడు పరిస్థితి నిజంగానే మెరుగు. అయినా వేల మంది ఒకే లైను పంచుకుంటారు, ఇనుప గోడల క్యాబిన్లలో వైఫై కూడా అన్ని చోట్లా ఒకేలా అందదు, కాబట్టి దొరికితే లాభం అనుకుని వెళ్లాలి తప్ప దాన్ని నమ్ముకుని వెళ్లకూడదు.

ప్యాకేజీలు ఎక్కువగా డివైజ్ లెక్కన అమ్ముతారు. ఒక డివైజ్‌కి కొంటే ఫోన్‌లో లాగౌట్ అయ్యాకే ల్యాప్‌టాప్‌లో లాగిన్ అవ్వాలి. రెండింటికీ కొనాలా అన్నది మీ లిస్టుని బట్టి చూసుకోండి, చాలామందికి ఒకటి చాలు. ఆఫీసు వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌లోకి భద్రంగా వెళ్లే దారి) వాడేవాళ్లు మాత్రం క్రూయిజ్ కంపెనీని ముందే అడగాలి, కొన్ని ప్యాకేజీల్లో అది పనిచేయదు.

కంప్యూటర్ మీ ప్రమేయం లేకుండా వెనకాల నెట్ తాగేస్తుంది, దాన్ని కట్టడి చేయాలి. విండోస్‌లో ఓడ వైఫైని మీటర్డ్ కనెక్షన్‌గా (డేటా పొదుపుగా వాడాల్సిన కనెక్షన్‌గా) పెట్టండి, అప్‌డేట్లని పాజ్ చేయండి, విండోస్ 11లో ఐదు వారాల దాకా ఆపొచ్చు. మ్యాక్‌లో, ఐప్యాడ్‌లో ఇలాంటిదే "లో డేటా మోడ్" (Low Data Mode) ఉంది. ఫోటోల ఆటో బ్యాకప్, వన్‌డ్రైవ్, ఐక్లౌడ్ అన్నీ ఆపేయండి.

ఇక ఓటీపీ. సముద్రం మీద ఫోన్ మామూలుగా వదిలేస్తే ఓడలో ఉండే మొబైల్ నెట్‌వర్క్‌కి తగులుకుని రోమింగ్ బిల్లు మోతెక్కిపోతుంది, అందుకని అందరూ ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి వైఫై మాత్రం ఆన్ చేస్తారు. సరైన పనే. కానీ అప్పుడు ఎస్ఎంఎస్‌లు సాధారణంగా రావు. మీరు కొత్త కంప్యూటర్‌లో మెయిల్ తెరుస్తారు, అది "కొత్త డివైజ్, ఓటీపీ పంపాం" అంటుంది, ఆ ఓటీపీ మీకు చేరదు. నెట్ ఉంది, కంప్యూటర్ ఉంది, పాస్‌వర్డ్ తెలుసు, అయినా లోపలికి వెళ్లలేరు. దీనికి మందు ఒకటే, మెయిల్, బ్యాంకు, ఆఫీసు ఖాతాలన్నిట్లోకి ఆ కంప్యూటర్ నుంచి ఇంటి దగ్గరే ఓసారి లాగిన్ అయిపోండి. కుదిరిన చోట ఎస్ఎంఎస్ బదులు ఆథెంటికేటర్ యాప్ పెట్టుకోండి, అది నెట్ లేకపోయినా కోడ్ చూపిస్తుంది. గూగుల్ లాంటివి ఇచ్చే బ్యాకప్ కోడ్‌లు ఒక కాగితం మీద రాసుకోండి. విండోస్ అయితే బిట్‌లాకర్ (డిస్కుకి వేసే తాళం) రికవరీ కీ కూడా రాసి పర్సులో పెట్టుకోండి, అది అడిగే రోజు ఎప్పుడొస్తుందో చెప్పలేం, ఆ కీ ఏమో ఆన్‌లైన్ ఖాతాలో ఉంటుంది.

7. ఇంట్లోనే ఒక సాయంత్రం పరీక్ష పెట్టండి

ప్రయాణానికి కనీసం వారం ముందు. అప్‌డేట్లన్నీ పూర్తి చేసి, ఛార్జర్ పీకేసి, వైఫై కట్టేసి, మీరు రాసుకున్న లిస్టులో పనులన్నీ ఒక్కొక్కటే చేయండి. ఫైలు తెరవండి, ఫోటోలు దింపండి, సినిమా పెట్టండి.

అసలు రంగు ఇక్కడ బయటపడుతుంది. పేరు కనిపిస్తున్న ఫైలు కంప్యూటర్‌లో లేకపోవచ్చు, పక్కన చిన్న మబ్బు బొమ్మ ఉంటే అది క్లౌడ్‌లో ఉందని అర్థం. వన్‌డ్రైవ్‌లో అలాంటి ఫోల్డర్ మీద రైట్ క్లిక్ చేసి ఎప్పుడూ ఈ డివైజ్‌లోనే ఉంచమని చెప్పాలి, ఐక్లౌడ్‌లో ముందే డౌన్‌లోడ్ చేసుకోవాలి. పాస్‌వర్డ్ మేనేజర్ నెట్ లేకుండా తెరుచుకుంటుందో లేదో చూడండి. డౌన్‌లోడ్ చేసిన సినిమాలకి గడువు ఉంటుంది, మరీ ముందుగా దించి పెట్టుకుంటే అక్కడికెళ్లేసరికి కొన్ని చెల్లవు, కాబట్టి సినిమాలు మాత్రం బయల్దేరే ముందు రోజు.

ఈ పరీక్ష కొత్తది కొనే ముందు మీ దగ్గరున్న పాత ట్యాబ్‌కో ల్యాప్‌టాప్‌కో పెట్టి చూస్తే ఇంకా మంచిది. నెగ్గిందనుకోండి, కొనాల్సిన పనే లేదు.

8. ఎక్కాక

ఎక్కే రోజు పోర్టులో పెద్ద లగేజీ పోర్టర్లకి ఇచ్చేస్తాం, అది క్యాబిన్ దగ్గరికి వచ్చేసరికి ఒక్కోసారి సాయంత్రం దాటుతుంది. కంప్యూటర్ దానిలో పెట్టకండి, చేతి బ్యాగులో ఉండాలి. క్యాబిన్‌లో చిన్న సేఫ్ ఉంటుంది, ట్యాబ్‌లు పడతాయి, 13 అంగుళాలు కొన్నిట్లో పట్టవు, 15 అంగుళాలైతే ఆశ పెట్టుకోకండి. కంప్యూటర్‌ని టీవీకి కలిపి సినిమా చూద్దామనుకునేవాళ్లకి ఒక మాట, చాలా ఓడల్లో టీవీ హెచ్‌డీఎంఐ పోర్టు అందకుండానో పనిచేయకుండానో చేసి ఉంచుతారు, ఆ వైరు బరువు మిగుల్చుకోండి.

ఏసీ క్యాబిన్ నుంచి వేడి, తేమ ఉన్న డెక్ మీదికి వెళ్లగానే చల్లటి మెషీన్ మీద తడి పడుతుంది, బ్యాగులోనే ఓ పావుగంట ఉంచి అప్పుడు తీయండి. రాత్రిళ్లు బాల్కనీలో వదిలేయొద్దు. సముద్రం ఊపు మీదున్నప్పుడు స్క్రీన్ చూస్తూ కూర్చుంటే కడుపులో తిప్పడం ఎక్కువవుతుంది, అలాంటి రోజు మూసేసి దూరాన సముద్రం, ఆకాశం కలిసే గీత చూడటమే నయం. ఇంకోటి, ఓడ టైమ్, పోర్టు టైమ్ ఒకటే కాకపోవచ్చు, కంప్యూటర్ తనంతట తాను టైమ్ జోన్ మార్చేసుకుంటే మీరు తప్పు గంటకి తిరిగొస్తారు. ఆటోమేటిక్ టైమ్ జోన్ ఆపేసి ఓడ టైమ్ చేత్తో పెట్టుకోండి.

దిగే ముందు రాత్రి పెద్ద లగేజీ మళ్లీ క్యాబిన్ బయట పెట్టమంటారు. ఆ హడావుడిలో ఛార్జర్ సూట్‌కేసులోకి వెళ్లిపోకుండా, అడాప్టర్ సాకెట్‌కే ఉండిపోకుండా చూసుకోండి. సేఫ్ కూడా ఓసారి తెరిచి చూడండి.